ఊపిరితిత్తుల రక్తపోటు: ఏ సంకేతం తప్పిందో తేలాకే మందు

ఆయాసంతో శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోగికి ఎకో పరీక్ష చేసినప్పుడు, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసుకెళ్ళే ధమనిలో ఒత్తిడి ఎక్కువగా ఉందని రిపోర్టులో రావడం ఈ జిల్లాల్లో అరుదైన సంగతేమీ కాదు. ఆ ఒత్తిడి ఎంత ఉందో ఎకో ఉజ్జాయింపుగా చెబుతుంది. ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు మాత్రం దాని దగ్గర సగం జవాబే ఉంటుంది. మిగతా సగం తేలకముందే ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలించే సిల్డెనాఫిల్ మాత్రలు మొదలుపెట్టడం సులువు, ఎందుకంటే అవి చవక, అంతటా దొరుకుతాయి. అయితే ఈ జబ్బుకు ప్రత్యేకంగా తయారైన మందులన్నీ రక్తనాళపు గోడలోని కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని పనిచేసేవే. అందుచేత ఏ రోగిలో ఏ సంకేతం గాడి తప్పిందో తెలియకుండా మందు ఎంచుకుంటే, అది కొందరికి ఉపయోగపడకపోవడమే కాదు, కొన్ని జబ్బుల్లో హాని చేస్తుందని కూడా పరిశోధనలు తేల్చాయి.

ఆరోగ్యవంతుల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి సుమారు 14 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. చేతికి పట్టీ కట్టి చూసే బీపీతో దీనికి సంబంధం లేదు. దీన్ని కచ్చితంగా కొలవాలంటే సిర గుండా సన్నటి గొట్టాన్ని కుడి గుండెలోకి పంపాలి. 1973లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన సమావేశం జబ్బుకు 25ను హద్దుగా పెట్టింది. ఆకలి తగ్గించడానికి వాడిన అమినోరెక్స్ అనే మందు వల్ల 1960ల చివర్లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీల్లో ఈ జబ్బు ఒక్కసారిగా పెరగడం ఆ సమావేశానికి కారణం. 2018లో నీస్ నగరంలో జరిగిన ప్రపంచ సదస్సు ఆ హద్దును 20కి దించాలని ప్రతిపాదించింది. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు దాన్నే స్థిరపరిచాయి.

కారణాన్ని బట్టి ఈ జబ్బును ఐదు వర్గాలుగా విడదీస్తారు. ఊపిరితిత్తుల్లోని చిన్న ధమనులే స్వయంగా పాడవడం మొదటి వర్గం, ఎడమ గుండె జబ్బు రెండోది, ఊపిరితిత్తుల జబ్బు లేదా ఆక్సిజన్ కొరత మూడోది, కరగకుండా మిగిలిపోయిన రక్తపు గడ్డలు నాలుగోది, పలు కారణాలు కలిసినది ఐదోది. కణ సంకేతాల మీద పనిచేసే మందుల్లో అత్యధికం మొదటి వర్గం కోసం పరీక్షకు నిలిచినవి. ఉత్తరాంధ్రలో డాక్టర్ల ముందుకు వచ్చే రోగులు మాత్రం అన్ని వర్గాల నుంచీ వస్తారు. చిన్నతనంలో గొంతు నొప్పి తరువాత వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండె ఎడమ వైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైపోయిన ఆడవారు, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చినవారు, టెక్కలి ప్రాంతపు గ్రానైట్ క్వారీల్లో రాతి దుమ్ములో పనిచేసినవారు, టీబీ నయమైనా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవారు, ఉద్దానంలో మూత్రపిండాలు చెడి డయాలసిస్ మీద ఉన్నవారు, పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీల్లో సికిల్ సెల్ జబ్బుతో పుట్టినవారు, అందరి రిపోర్టుల్లోనూ అదే ఒత్తిడి అంకె కనిపించవచ్చు. కేరళలో 2,003 మంది రోగులతో నడిచిన ప్రో-కేరళ నమోదులో 59 శాతం మందికి మూలం ఎడమ గుండె జబ్బేనని తేలింది.

ఊపిరితిత్తుల చిన్న ధమని గోడలో లోపలి వైపు ఒకే వరుస కణాలతో పలుచటి పొర ఉంటుంది, దాన్ని ఎండోథీలియం అంటారు. దాని వెనక నునుపు కండర కణాల పొర, ఆ వెలుపల పీచు కణాలు ఉంటాయి. కండర కణం ముడుచుకోవాలా, సడలాలా, విభజన చెంది సంఖ్యను పెంచుకోవాలా అన్నది చాలావరకు లోపలి పొర పంపే రసాయన సంకేతాలే నిర్ణయిస్తాయి. ఆ సంకేతాలు ఎన్ని దారుల్లో వచ్చినా ముడుచుకోవడం విషయంలో చివరకు చేరే చోటు ఒక్కటే: కణం లోపల కాల్షియం పెరిగితే కండరం బిగుస్తుంది, తగ్గితే సడలుతుంది.

సడలించే సంకేతాల్లో మొదటిది నైట్రిక్ ఆక్సైడ్. రక్తనాళం సడలాలంటే లోపలి పొర చెక్కుచెదరకుండా ఉండాలని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించారు. ఆ పొర విడుదల చేసే పదార్థం ఒక మామూలు వాయువేనని తేలిన తరువాత, 1998లో ఆయనకూ లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకూ నోబెల్ బహుమతి దక్కింది. ఈ వాయువు పక్కనున్న కండర కణంలోకి చొచ్చుకుపోయి గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. అది సైక్లిక్ జీఎంపీ అనే అణువును తయారు చేస్తుంది. ఆ అణువు ప్రోటీన్ కైనేజ్-జి అనే మరో ఎంజైము ద్వారా కాల్షియాన్ని తగ్గించి కండరాన్ని సడలిస్తుంది. పని అయ్యాక సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టే ఎంజైము ఫాస్ఫోడైఎస్టరేజ్-5. ఇది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టే దాన్ని అడ్డుకునే సిల్డెనాఫిల్, టడలాఫిల్ ఇక్కడ పనిచేస్తాయి. 278 మంది రోగులతో జరిగిన పరీక్ష తరువాత, 2005లో సిల్డెనాఫిల్‌కు రోజుకు మూడుసార్లు 20 మిల్లీగ్రాముల మోతాదులో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. అదే అణువు అంతకుముందే వయాగ్రా పేరుతో మగవారి సమస్యకు ప్రపంచమంతా తెలిసిపోవడం వల్ల, చీటీ మీద ఆ పేరు చూసిన కుటుంబాలు, ముఖ్యంగా రోగి ఆడమనిషి అయినప్పుడు, బిడియపడి మందు మానేసే ప్రమాదం ఉంది. ఇది ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన మందని డాక్టరు ముందే విప్పి చెప్పడం చికిత్సలో భాగమే.

ఈ దారిలోనే మరో మందు రియోసిగ్వాట్, 2013లో వచ్చింది. సిల్డెనాఫిల్ పనిచేయాలంటే నైట్రిక్ ఆక్సైడ్ కొంతయినా ఉండి సైక్లిక్ జీఎంపీ తయారవుతూ ఉండాలి; రియోసిగ్వాట్ మాత్రం గ్వానిలేట్ సైక్లేజ్‌ను నేరుగా ప్రేరేపిస్తుంది, ఉన్న కొద్దిపాటి నైట్రిక్ ఆక్సైడ్‌కు ఆ ఎంజైము మరింతగా స్పందించేలా కూడా చేస్తుంది. శస్త్రచికిత్సకు వీలుపడని గడ్డల వల్ల వచ్చిన నాలుగో వర్గానికి అనుమతి పొందిన తొలి మందు కూడా ఇదే. ఒకే దారిని రెండు చోట్ల తోస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి ఈ రెండు మందులనూ కలపకూడదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా ఈ దారిలోనే పనిచేస్తుంది. సిల్డెనాఫిల్ వాడే మనిషికి ఇంట్లోవాళ్ళు ఆదుర్దాలో ఆ మాత్ర పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది.

రెండో సంకేతం దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. 1988లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో మసాషి యనగిసావా బృందం వేరుచేసిన ఎండోథీలిన్ 21 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, రక్తనాళాలను బిగించే పదార్థాల్లో అతి బలమైన వాటిలో ఒకటి. కణాల మీద దీన్ని అందుకునే ప్రోటీన్లు, అంటే గ్రాహకాలు, రెండున్నాయి. కండర కణం మీది ఏ-గ్రాహకం కాల్షియాన్ని పెంచి బిగింపును, దీర్ఘకాలంలో కణాల పెరుగుదలనూ ప్రేరేపిస్తుంది. లోపలి పొర మీది బి-గ్రాహకం రక్తంలోని ఎండోథీలిన్‌ను తొలగిస్తూ నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయిస్తుంది. ఈ లెక్కన ఏ-గ్రాహకాన్ని మాత్రమే మూసే ఆంబ్రిసెంటాన్, రెండింటినీ మూసే బోసెంటాన్ కన్నా మెరుగ్గా ఉండాలి. రోగుల్లో అంతటి స్పష్టమైన ఆధిక్యం రుజువు కాలేదు. బోసెంటాన్ 2001లో, ఆంబ్రిసెంటాన్ 2007లో, మాసిటెంటాన్ 2013లో అనుమతి పొందాయి. బోసెంటాన్ వాడేవారికి కాలేయ పరీక్ష నెలనెలా చేయాలి. ఇదే కుటుంబానికి చెందిన సిటాక్సెంటాన్‌ను కాలేయానికి చేసిన హాని వల్ల 2010లో మార్కెట్ నుంచి ఉపసంహరించారు. ఈ మందులూ, రియోసిగ్వాటూ గర్భంలోని శిశువుకు హాని చేస్తాయి. మొదటి వర్గపు జబ్బు వయసులో ఉన్న ఆడవారికే ఎక్కువగా వస్తుంది కాబట్టి ఇది అంచున రాసి వదిలేసే హెచ్చరిక కాదు. బోసెంటాన్ గర్భనిరోధక మాత్రల బలాన్నీ తగ్గిస్తుందని దంపతులిద్దరికీ చెప్పాలి.

మూడోది ప్రోస్టాసైక్లిన్. 1976లో జాన్ వేన్, సాల్వడార్ మొంకాడా తదితరులు గుర్తించిన ఈ అణువు కండర కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే మరో సంకేత అణువును పెంచి సడలింపునిస్తుంది, ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా ఆపుతుంది. దీనినే మందుగా మార్చిన ఎపోప్రోస్టెనాల్‌ను 1996లో ప్రచురితమైన పరీక్షలో 81 మంది రోగుల మీద పన్నెండు వారాలు చూసినప్పుడు, చనిపోయిన ఎనిమిది మందీ ఆ మందు అందని గుంపులోని వారే. తీవ్ర దశలో ఉన్న రోగికి ఇప్పటికీ డాక్టర్లు ముందుగా తలుచుకునే మందు ఇదే. అయితే రక్తంలో దాని ఆయుష్షు కొద్ది నిమిషాలు మాత్రమే. పెద్ద సిరలో శాశ్వతంగా ఉంచిన గొట్టం ద్వారా పంపుతో రాత్రింబవళ్ళు ఎక్కిస్తూ ఉండాలి, పంపు ఆగితే జబ్బు విరుచుకుపడుతుంది. పల్లెటూరి ఇంట్లో ఆ మందును శుభ్రంగా కలిపి, గొట్టానికి సూక్ష్మజీవులు సోకకుండా చూసుకుంటూ నెలల తరబడి నడపడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. మాత్ర రూపంలో ఈ గ్రాహకాన్నే తాకే సెలెక్సిపాగ్ 1,156 మంది మీద పరీక్షించాక 2015లో వచ్చింది, కాని అది ఎపోప్రోస్టెనాల్‌కు సాటి కాదు.

మూడు దారులూ వేరువేరు కాబట్టి కలిపి వాడితే మేలు ఎక్కువ. 500 మంది రోగులతో జరిగి 2015లో వెలువడిన అంబిషన్ పరీక్షలో, ఆంబ్రిసెంటాన్, టడలాఫిల్‌లను మొదటి రోజు నుంచే కలిపి ఇచ్చినప్పుడు, ఒక్కో మందే వాడినవారితో పోలిస్తే చికిత్స విఫలమయ్యే ముప్పు సగానికి తగ్గింది.

అయినా ఈ మూడు దారుల మందులకూ ఒక హద్దు ఉంది. వంశధార మీద గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తినంత మాత్రాన, కాలువ పూడుకుపోయి ఉంటే చివరి ఆయకట్టుకు నీరు అందదు. మొదటి వర్గపు జబ్బులో చిన్న ధమనులు బిగుసుకుపోవడం ఒక్కటే కాదు, గోడలోని కణాలు అదుపు లేకుండా పెరిగి నాళపు బోలును మూసేస్తాయి. కండరాన్ని సడలించే మందు ఆ పెరుగుదలను తగ్గించగలిగేది స్వల్పం. ఈ పెరుగుదలను ఆపి ఉంచే సంకేతం ఏదన్న ప్రశ్నకు జవాబు వైద్యం నుంచి కాక కుటుంబాల జన్యుపటాల నుంచి దొరికింది. 2000లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా, ఒకే ఇంట్లో పలువురికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాల్లో, రెండో క్రోమోజోము మీది బీఎంపీఆర్-2 అనే జన్యువులో లోపాలు ఉన్నాయని కనుక్కున్నాయి. వంశపారంపర్యంగా వచ్చేవారిలో సుమారు 70 నుంచి 80 శాతం మందిలో ఈ లోపమే కనిపిస్తుంది. లోపం ఉన్నవారందరికీ జబ్బు రాదు. ఆడవారిలో సుమారు 42 శాతానికి, మగవారిలో 14 శాతానికి వస్తుందని అంచనా. అంటే జన్యు లోపం నేలను సిద్ధం చేస్తుంది తప్ప జబ్బు రావడానికి అదొక్కటే చాలదు.

బీఎంపీఆర్-2 కణపు పైపొర మీద ఉండే గ్రాహకం. దానికి సంకేతం అందినప్పుడు స్మాడ్-1, 5, 8 అనే ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్ళి కణాల విభజనను అదుపు చేసే జన్యువులను నడిపిస్తాయి. దీనికి ఎదురుగా యాక్టివిన్ అనే సంకేతం స్మాడ్-2, 3 ద్వారా పెరుగుదలను ప్రోత్సహిస్తుంది. ఆరోగ్యవంతమైన నాళంలో ఈ రెండూ సమతూకంలో ఉంటాయి. జబ్బులో మొదటిది బలహీనపడి రెండోది పైచేయి సాధిస్తుంది. జన్యు లోపం లేని రోగుల్లోనూ ఈ తూకం తప్పడం కనబడింది. దీని విలువ ఎక్కువ, ఎందుకంటే కొన్ని కుటుంబాలకే పరిమితమనుకున్న యంత్రాంగం మొదటి వర్గం మొత్తానికీ వర్తిస్తుందని అర్థమయింది.

చెడిపోయిన గ్రాహకాన్ని బాగుచేయడం కష్టం కాబట్టి, ఎదుటి పక్షాన్ని తగ్గించడం అనే ఆలోచన సోటాటర్సెప్ట్‌గా రూపు దిద్దుకుంది. ఇది యాక్టివిన్ గ్రాహకపు వెలుపలి భాగాన్ని యాంటీబాడీ తోకకు అతికించి తయారుచేసిన ప్రోటీన్. రక్తంలో తిరుగుతూ యాక్టివిన్‌నూ, దాని బంధువులైన కొన్ని అణువులనూ కణం దాకా చేరకముందే పట్టేస్తుంది. మొదట ఎముకల బలం, రక్తహీనతల కోసం తయారైన మందు ఇది. 323 మందితో 24 వారాలు జరిగి 2023లో వెలువడిన స్టెల్లార్ పరీక్షలో, అప్పటికే రెండు మూడు మందుల మీద ఉన్న రోగులు కూడా ఆరు నిమిషాల్లో నడిచే దూరం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే సుమారు 41 మీటర్లు పెరిగింది. అమెరికాలో 2024 మార్చిలో అనుమతి వచ్చింది. మరణం ముప్పు ఎక్కువగా ఉన్న 172 మంది మీద జరిగి 2025లో వెలువడిన జెనిత్ పరీక్షను మేలు స్పష్టంగా కనిపించడంతో ముందుగానే ఆపేశారు. మరణం, ఊపిరితిత్తుల మార్పిడి, 24 గంటలకు మించి ఆసుపత్రి చేరిక, ఈ మూడూ కలిపిన ముప్పు 76 శాతం తగ్గింది. ఈ జబ్బు చికిత్సలో ఇంతటి తేడా చూపిన పరీక్షలు అరుదు. దుష్ఫలితాలూ యంత్రాంగం నుంచే వస్తాయి: హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, చర్మం మీద సన్నటి రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తాయి, ముక్కు నుంచి రక్తం కారడం లాంటివి వస్తాయి. మూడు వారాలకోసారి చర్మం కింద ఇచ్చే ఈ ఇంజెక్షన్ అమెరికాలో ఒక్కో సీసా సుమారు 14,000 డాలర్ల ధరతో మొదలైంది. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల పరిశ్రమలు ఉన్నాయి గనుక సిల్డెనాఫిల్ లాంటి చిన్న రసాయన అణువును చవగ్గా తయారుచేయడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. జీవకణాల్లో పెంచి తీయాల్సిన ఇలాంటి ప్రోటీన్ మందు తయారీ వేరే లెక్క.

పెరుగుదలను ఆపాలన్న ఆలోచన ప్రతిసారీ ఇంత సాఫీగా సాగలేదు. ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పీడీజీఎఫ్ అనే పెరుగుదల సంకేతపు గ్రాహకాన్ని, రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మూసేస్తుంది. 202 మంది మీద జరిగి 2013లో ప్రచురితమైన ఇంప్రెస్ పరీక్షలో నడక దూరం పెరిగింది, కాని రక్తం పలచబరిచే మందులు కూడా వాడుతున్నవారిలో మెదడు పొరల కింద రక్తస్రావాలు జరగడంతో ఆ దారి మూసుకుపోయింది. దానికి దగ్గరి బంధువైన దసాటినిబ్ మరీ విచిత్రంగా ఈ జబ్బునే తెచ్చిపెట్టగలదు. ఒంటినిండా పారే మందు బదులు పీల్చే పొడిగా ఊపిరితిత్తులకే చేర్చాలని సెరాలుటినిబ్ వంటి వాటితో ప్రయత్నం సాగుతున్నది.

ఇప్పుడు మొదటి వర్గం బయటికి వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు ఒత్తిడి పెరగడానికి మూలం ముందున్న తలుపు మూసుకుపోవడమే. బెలూన్‌తో ఆ కవాటాన్ని వెడల్పు చేస్తే ఒత్తిడి చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఆ పని చేయకుండా ఊపిరితిత్తుల నాళాలను సడలిస్తే, ఇరుకు ద్వారం ముందుకు మరింత రక్తం వచ్చిపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కవాటం బాగుచేశాక కూడా ఒత్తిడి తగ్గనివారికి సిల్డెనాఫిల్ ఇస్తే లాభమేమోనని స్పెయిన్‌లో 200 మంది మీద సియోవాక్ పరీక్ష జరిగింది. 2018లో వెలువడిన ఫలితాల్లో మందు తీసుకున్నవారి పరిస్థితి, తీసుకోనివారి కన్నా చెడ్డగా తేలింది.

ఊపిరితిత్తుల జబ్బులో ఆ చెడు మరో దారిన వస్తుంది. గాలి సరిగా చేరని భాగంలోని నాళాలను శరీరం తనంతట తానే బిగించి రక్తాన్ని మంచి భాగాలకు మళ్ళిస్తుంది. మందు ఆ బిగింపును వదిలించేస్తే గాలి లేని చోటికే రక్తం పోయి ఆక్సిజన్ పడిపోతుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులో రియోసిగ్వాట్ పరీక్షను 2016లో మధ్యలోనే ఆపాల్సి రావడం ఇందువల్ల ఆశ్చర్యం కలిగించదు. ఆ జబ్బులోనే ప్రోస్టాసైక్లిన్ కోవకు చెందిన, పీల్చే ట్రెప్రోస్టినిల్ 2021లో మంచి ఫలితమిచ్చింది, ఎందుకంటే పీల్చిన మందు గాలి చేరే భాగాలకే చేరుతుంది.

ఏజెన్సీ ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యమైన ఉదాహరణ సికిల్ సెల్. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను పీల్చేసుకుంటుంది. కాగితం మీద చూస్తే ఆ దారిని బలపరిచే సిల్డెనాఫిల్‌కు ఇంతకన్నా అనువైన జబ్బు లేదు. 74 మందితో మొదలైన పరీక్షను 2009లో అర్ధాంతరంగా ఆపేశారు, ఎందుకంటే మందు తీసుకున్నవారిలో 35 శాతం, తీసుకోనివారిలో 14 శాతం మంది తీవ్ర నొప్పితో ఆసుపత్రి పాలయ్యారు. కేంద్రం 2023 జులైలో ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు పెరుగుతున్న ఈ రోజుల్లో, గిరిజన రోగి ఎకోలో ఒత్తిడి కనిపిస్తే ఆ మాత్ర వైపు చేయి వెళ్ళకుండా ఆపాల్సిన సంగతి ఇది. వీరికి మొదటి పని కణాలు పగలడాన్ని హైడ్రాక్సీయూరియా అనే మందుతో, అవసరమైతే రక్తమార్పిడితో తగ్గించడం.

ఉద్దానంలో ప్రశ్న ఇంకా చిక్కు. డయాలసిస్ రోగిలో ఒంట్లో చేరిన అదనపు నీరు, బీపీ వల్ల గట్టిపడిన ఎడమ గుండె, డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి వేసిన ఫిస్టులా గుండా గుండెకు తిరిగి వచ్చే అధిక రక్తం, లోపలి పొరలో తగ్గిన నైట్రిక్ ఆక్సైడ్ అన్నీ కలిసి ఒత్తిడిని పెంచుతాయి. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల రోగికి ఎకో డయాలసిస్‌కు ముందు తీస్తే ఒకలా, నీరు పూర్తిగా లాగేశాక తీస్తే మరోలా ఉంటుంది, రెండోదాన్నే నమ్మాలి. అదనపు నీరు తీసి ఒంటి బరువును సరైన చోటికి తేవడమే ఇక్కడ మొదటి మందు.

టీబీ మచ్చలు ఉన్నవారిలో మరో మెలిక ఉంది. టీబీ మందు రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి సిల్డెనాఫిల్, బోసెంటాన్, మాసిటెంటాన్‌ల పాళ్ళను రక్తంలో బాగా తగ్గిస్తుంది; బోసెంటాన్ కూడా తనవంతుగా సిల్డెనాఫిల్‌ను తగ్గిస్తుంది. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచే ముందు చీటీలోని మిగతా మందులను చూడాలి.

కారణం తేల్చే పరీక్షలు కొన్ని దగ్గర్లో, కొన్ని దూరంలో ఉన్నాయి. గడ్డల కోసం చేసే వెంటిలేషన్-పెర్ఫ్యూజన్ స్కాన్‌కూ, కుడి గుండె కేథటర్‌కూ రోగులు సాధారణంగా విశాఖపట్నం వెళ్తారు. ఆ కేథటర్‌తో చూసినప్పుడు ఎడమ వైపు ఒత్తిడి 15 దాటితే జబ్బు మూలం ఎడమ గుండెలో ఉన్నట్టు. దాటకుండా రక్త ప్రవాహానికి నాళాలు చూపే నిరోధం 2 వుడ్ యూనిట్లకు (దాన్ని కొలిచే ప్రమాణం) మించితే నాళాలే చెడినట్టు. అదే సమయంలో కారణం తెలియని మొదటి వర్గపు రోగికి నైట్రిక్ ఆక్సైడ్ పీల్పించి చూస్తారు. సుమారు పది శాతం మందిలో సగటు ఒత్తిడి కనీసం 10 తగ్గి 40కి లేదా అంతకన్నా కిందికి దిగుతుంది. అలాంటివారికి ఖరీదైన మందులేవీ అవసరం లేకుండా, సంకేతాలన్నీ చివరకు చేరే కాల్షియం దగ్గరే పనిచేసే సాధారణ బీపీ మాత్రలు, పెద్ద మోతాదులో చాలు. 1992లో ప్రచురితమైన అధ్యయనంలో ఇలా స్పందించి ఆ మాత్రలు వాడినవారిలో 94 శాతం మంది ఐదేళ్ళ తరువాత కూడా జీవించి ఉన్నారు. స్పందన లేనివారికి అవే మాత్రలు ఇస్తే ఒంట్లో బీపీ పడిపోతుంది, అప్పటికే అలసిన కుడి జఠరిక (గుండె కుడి కింది గది) మరింత క్షీణిస్తుంది. ఎవరు ఏ కోవకు చెందుతారో కేథటర్ గదిలో తప్ప తెలియదు.